ఆఫీసు వేళల్లో పంటు

జిల్లా యువసృజన వికాస కేంద్రం వారు ఔత్సాహికులకు కంప్యూటర్ ఆటల తయారీ పోటీ పెడుతున్నారన్న వార్త పేపర్లో చూసినప్పుడు భ్రమరాంబ నడుస్తున్న జెరాక్సు మిషను ఆపేసింది. వార్తను తనలో తాను ఒకసారి, పైకి ఒకసారి చదువుకుంది. హాల్‌టికెట్ కోసం నిలబడ్డ అమ్మాయి, "ఏంటాంటీ, మా డేటు మార్చేశారా?" అని కంగారు పడింది.

"మీది కాదమ్మా. నాది వచ్చింది," అంది భ్రమరాంబ.

కాలేజీ రోడ్డులో ఆమెది నెట్ సెంటరు. పిల్లలకు ఫీజులు కట్టిపెట్టడం, దరఖాస్తులు పంపించడం, ఎంతకీ తెరుచుకోని సర్కారు వెబ్‌సైట్ల ముందు ఓపిగ్గా కూర్చోవడం ఆమె పని. అలా కూర్చున్న ఖాళీలోనే రెండేళ్లుగా ఒక ఆట తయారుచేసుకుంటూ వచ్చింది. దాని పేరు 'పంటు'.

వంతెన పడకముందు ఆ ఊరి గోదావరి పాయ మీద పంటు తిరిగేది. రెండు పడవల్ని జోడించి, పైన బల్లలు పరిచి, మనుషుల్నీ బళ్లనీ పశువుల్నీ కలిపి అవతలి ఒడ్డుకు చేర్చే సాధనం అది. భ్రమరాంబ ఆటలో చేయవలసింది కూడా అంతే. రేవులో నిలబడ్డవాళ్లను ఒక్కొక్కరినీ చూసి ఎక్కించాలి, పంటు ఏ పక్కకూ ఒరగకుండా దాటించాలి. వినడానికి ఇంతే గానీ, ఎక్కించడం మొదలుపెట్టాక తెలుస్తుంది సంగతి. పెళ్లికూతురు గేదె పక్కన నిలబడనంటుంది. గేదె స్కూటరు హారనుకు బెదురుతుంది. బ్యాండుమేళంవాళ్లు ఎక్కడ నిలబడితే జనం అక్కడికి మూగుతారు, పంటు ఆ పక్కకు ఒరుగుతుంది. అందరూ నీళ్లలో పడ్డాక పంటు నడిపే సరంగు తలగుడ్డ పిండుకుంటూ "మళ్లీ ఎక్కండి బాబూ" అంటాడు.

ఇంట్లోవాళ్లు ఫోనులో ఆడి చూశారు. భర్త వెంకటరత్నం స్కూలు వ్యాను నడుపుతాడు. "బ్రహ్మాండంగా ఉందోయ్" అని, ఆ ఫోను చేతిలో ఉండగానే కునుకు తీశాడు. అత్తగారు సూరమ్మ మాత్రం పట్టుదలగా ఆడింది. కానీ ఆవిడ ప్రతిసారీ రేవులో ఉన్న ముసలమ్మను ముందు ఎక్కించేది. ముసలమ్మ బరువుకు పంటు ఒరిగినా దింపనిచ్చేది కాదు.

"ఎక్కిన మడిసిని దింపేత్తే ఏవనుకుంటాదే? పెద్దముండావిడ," అనేది.

ఇంటివాళ్లు ఆడితే అది మొహమాటమే తప్ప ఆట కాదని భ్రమరాంబ అభిప్రాయం. తనెవరో తెలియని మనిషి ఆ ఆట పట్టుకోవాలి. మునిగిపోవాలి, విసుక్కోవాలి, తయారుచేసినవాణ్ణి ఓ మాట తిట్టాలి, అయినా వదలకుండా మళ్లీ ఎక్కించాలి. అది కళ్లారా చూడాలని ఆమె కోరిక. బహుమతి దానికి ఒక వంక.

పోటీ నిబంధనలు తెప్పించుకుంది. "ఔత్సాహిక క్రీడాకర్తలు తమ క్రీడాకృతిని తెల్ల కాగితంపై, ఒకవైపు మాత్రమే ముద్రించి, మూడు ప్రతులు స్వయంగా గాని, తపాలా ద్వారా గాని సమర్పించవలెను" అని ఉంది అందులో. ఆటను కాగితం మీద ముద్రించడమేమిటో అర్థంకాక కేంద్రానికి ఫోను చేసింది. సూపరింటెండెంటు జలజాక్షి గారు ఎత్తారు.

"ఆట కంప్యూటర్లో ఉంటుంది కదండీ మేడం. కాగితం మీద ఎలా ఇవ్వమంటారు?"

"ఇన్‌వార్డు రిజిస్టరులో నంబరు పడాలంటే చేతికి ఏదో ఒకటి తగలాలి కదమ్మా. గాల్లో ఉన్నదాని మీద స్టాంపు ఎలా గుద్దమంటావు చెప్పు?" అన్నారు జలజాక్షి గారు, ఎంతో శాంతంగా.

మాటలో న్యాయం లేకపోలేదు. భ్రమరాంబ ఆటకు ప్రాణమైన ప్రోగ్రాము రాత మొత్తాన్నీ తన మిషను మీదే ముద్రించి, దారంతో కుట్టి, బస్సెక్కి వెళ్లి ఇచ్చి వచ్చింది. వారం తిరక్కుండానే ఆ కట్ట ఎర్రసిరా గీతలతో తిరిగొచ్చింది. కేంద్రం ఉపసంచాలకులు దక్షిణామూర్తి గారు స్వయంగా చదివారట. కింద ఆయన రాసిన అభిప్రాయం ఉంది: "ఇతివృత్తం అస్పష్టం. కథనం చదివించునట్లు లేదు. దాదాపు ప్రతి వాక్యాంతమునందును అనావశ్యకమైన సెమీకోలన్లు కలవు. తొలగించి పునఃసమర్పించవలెను."

ఆ సెమీకోలన్లు తీసేస్తే పంటు రేవు నుంచి కదలదు. అందుకని భ్రమరాంబ కంప్యూటర్లో ఉన్నదాన్ని ముట్టుకోకుండా, కాగితం మీద మాత్రం వాటిని ఏరిపారేసి మళ్లీ పంపింది. ఈసారి జవాబు వెంటనే వచ్చింది. "భాష ఇప్పుడు ప్రవాహసదృశముగా నున్నది. తుది న్యాయనిర్ణయమునకు హాజరు కాగలరు."

ఆ సెమీకోలన్ల దగ్గరే చాలామంది పోటీ వదిలేసి వెళ్లిపోయారని తర్వాత తెలిసింది. న్యాయనిర్ణయం రోజున కేంద్రం సమావేశ మందిరంలో భ్రమరాంబతో కలిపి గుప్పెడుమంది మిగిలారు. పక్క కుర్చీలో ఇంజనీరింగు చదువుతున్న శశాంక్ అనే కుర్రాడు దిగులుగా కూర్చున్నాడు.

"మీది నడుస్తోందాండీ?" అని అడిగాడు.

"నడుస్తోంది బాబూ. నీది?"

"రాత్రి దాకా నడిచింది మేడం. పొద్దున్నుంచి తెరుచుకోవట్లేదు. నల్లగా వచ్చి ఆగిపోతోంది. అయినా బస్సు పాసుందని వచ్చేశాను."

చెక్కబల్లలు జోడించి వేసిన వేదిక మీద న్యాయనిర్ణేతలు ముగ్గురూ ఆసీనులయ్యారు. మధ్యలో దక్షిణామూర్తి గారు. సర్వీసు మొత్తం మీద ఒక్క మెమో కూడా తీసుకోని మనిషి. పదవీ విరమణ దగ్గర పడేకొద్దీ ఆ మచ్చలేనితనాన్ని గాజుసామానులా మోసుకు తిరుగుతున్నారు. ఆయనకు కుడివైపు జలజాక్షి గారు. ఏ ఉత్తర్వు ఏ సంవత్సరంలో వచ్చిందో, అది ఎవరి మూలాన వచ్చిందో ఆవిడకు కంఠతా. ఎడమవైపు పేర్రాజు గారు. పిల్లల చేత పరుగులు పెట్టించి రిటైరైన వ్యాయామ ఉపాధ్యాయుడు. ఆటల పోటీ అన్నారని బూట్లు వేసుకుని, మెడలో విజిల్ తగిలించుకుని వచ్చారు.

"క్రీడాకృతుల పరిశీలన ప్రారంభించెదము," అని దక్షిణామూర్తి గారు ఎదుట పెట్టిన కంప్యూటరు మీద చెయ్యి వేయబోయారు.

"సార్, ఒక్క నిమిషం," అన్నారు జలజాక్షి గారు. "కార్యాలయ వేళల్లో ఏ ఉద్యోగీ కంప్యూటరుపై ఆటలాడరాదు అని ఉత్తర్వు ఉంది. ఆడినచో శాఖాపరమైన చర్య."

పొయ్యి మీద పడ్డట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నారు దక్షిణామూర్తి గారు. "అమలులో ఉన్నదా అది?"

"రద్దు చేసినట్టు ఎక్కడా లేదు సార్. ఇదివరకు మన ఆఫీసులోనే ఒకాయన పేకముక్కలాట ఆడుతూ, ఆ ఊపులో జీతాల బిల్లు చెరిపేశారు. అప్పుడొచ్చింది."

"మనం ఆడుట లేదు కదా. పరిశీలించుచున్నాము."

"పరిశీలించాలంటే ఆడాలి కద్సార్."

పేర్రాజు గారు లేచారు. "అదెంత పనండీ! నేను రిటైరైపోయాను. నేనాడతాను, మీరు చూడండి."

"మీరు పెన్షను తీసుకుంటున్నారు కదండీ. సత్ప్రవర్తన నిబంధన పెన్షనర్లకీ వర్తిస్తుంది," అన్నారు జలజాక్షి గారు, విచారంగా. పేర్రాజు గారు పెన్షను మాట వినగానే కూర్చున్నారు.

భ్రమరాంబ లేచి నిలబడింది. "పోనీ, మా ఆటలు మేమే ఆడి చూపిస్తామండి. మాకు ఉద్యోగాలు లేవు కదా."

దక్షిణామూర్తి గారి మొహం వికసించింది. కానీ జలజాక్షి గారు తల అడ్డంగా ఊపారు. "సర్కారు కంప్యూటరు మీద, సర్కారు కరెంటుతో, ఆఫీసరు గారి సమక్షంలో ఆటాడితే, అడ్డుకోనందుకు బాధ్యత ఆఫీసరు గారిదే అవుతుంది."

"అయితే సాయంత్రం అయిదు దాటాక చూడండి. ఆఫీసు వేళ కాదు కదా," అన్నాడు శశాంక్.

"అయిదు దాటాక చేసింది అధికారిక కార్యము కాదు నాయనా. అట్టి తీర్పు చెల్లదు," అన్నారు దక్షిణామూర్తి గారు. ఆయన గొంతులో నిజమైన బాధ వినిపించింది. పోటీని ఆపేస్తే, పోటీ ఎందుకు ఆపావని మెమో. ఆడితే, ఎందుకు ఆడావని మెమో. అన్నేళ్లు జాగ్రత్తగా మోసుకొచ్చిన గాజుసామాను ఈ రెండింటి మధ్యా ఊగుతోంది.

కాసేపటికి ఆయన ఒక మార్గం కనిపెట్టారు. కంప్యూటరుకు బట్ట కప్పించి, పోటీదారులు తమ ఆటలను నోటితో వర్ణించాలని ఆదేశించారు. శశాంక్ తన ఆటలో అంతరిక్ష నౌకలు ఎలా ఢీకొంటాయో చేతులు తిప్పి చెప్పాడు. జలజాక్షి గారు నౌకల రిజిస్ట్రేషను గురించి అడిగారు. తర్వాత భ్రమరాంబ వంతు వచ్చింది.

"రేవులో జనం ఉంటారండి. వాళ్లని పంటు మీద సరిగ్గా సర్ది అవతలికి చేర్చాలి."

"సదరు పంటు ఏ శాఖ ఆధీనంలో ఉన్నది?" అని దక్షిణామూర్తి గారు.

"ఏ శాఖదీ కాదండి. ఆటలోది."

"టిక్కెట్టు?" అని జలజాక్షి గారు.

"టిక్కెట్టు పెట్టలేదండి."

"ఉచిత రవాణా," అని రాసుకున్నారు ఆవిడ. "మహిళలకేనా, అందరికీనా?"

"అందరికీనండి. గేదెక్కూడా."

"పడిపోతే ఎంతమంది చనిపోతారు?" అన్నారు దక్షిణామూర్తి గారు కలవరంగా.

"ఎవరూ చనిపోరండి. తడిసి మళ్లీ ఎక్కుతారు. అదే సరదా."

"పడిపోవుటలో సరదా ఏమున్నదమ్మా?"

భ్రమరాంబ రెండేళ్ల పనిలో ఉన్న సరదా అంతా ఆ ప్రశ్న ముందు ముద్దైపోయింది. గేదె తోక ఊపు తీసుకురావడానికే ఆమెకు ఒక వేసవి పట్టింది. అదంతా బట్ట కింద ఉంది. చెప్తే ఎవరికి తెలుస్తుంది? కళ్లలో నీళ్లు తిరుగుతుంటే కుర్చీ వెతుక్కుని కూర్చోబోయింది.

అప్పటిదాకా ఆవులిస్తున్న పేర్రాజు గారు బల్ల చరిచారు. "జలజాక్షమ్మా! ఆ ఉత్తర్వులో కంప్యూటరు మీద అనే కదా ఉంది?"

"అవునండి. కంప్యూటరుపై అనే ఉంది."

"నేల మీద ఆడకూడదని ఉందా?"

జలజాక్షి గారు కళ్లు మూసుకుని ఉత్తర్వంతా లోపల్లోపల చదువుకున్నారు. "లేదండి," అన్నారు చివరికి. "ఆడకూడదు గానీ, ప్రదర్శించవచ్చు. సాంస్కృతిక కార్యక్రమాల కింద వస్తుంది."

అంతే, వేదిక మీది బల్లా కుర్చీలూ కిందికి దిగాయి. వేదికే పంటు అయింది. పోటీదారులంతా రేవులో జనం. శశాంక్‌ని రెండు పక్కలా బస్తాలు కట్టిన స్కూటరు అన్నారు. పేర్రాజు గారు ఎవరూ అడక్కుండానే గేదె అయ్యారు. జలజాక్షి గారు మొదట తాను పరిశీలకురాలిగానే ఉంటానన్నారు. కానీ పెళ్లికూతురు వేషానికి ఎవరూ లేరని భ్రమరాంబ అడిగేసరికి, కొంగు భుజం మీదుగా తెచ్చుకుని, "ప్రదర్శన వరకే," అని రేవులో నిలబడ్డారు. దక్షిణామూర్తి గారు హోదాకు భంగం లేని పాత్ర కావాలన్నారు. ఆయనకు సరంగు పదవి ఇచ్చారు.

"పంటు ఒరిగిందని ఎలా తెలుస్తుందమ్మా?" అని అడిగారాయన.

"నేను చూసి చెప్తానండి. ఒరిగింది అంటే అందరూ దూకెయ్యాలి."

మొదటిసారి అందరూ ఒకేసారి ఎక్కేశారు. భ్రమరాంబ "ఒరిగింది" అంది. దక్షిణామూర్తి గారు చెప్పులు తీసి చేత్తో పట్టుకుని మర్యాదగా దిగారు. "మళ్లీ ఎక్కండి," అనడం సరంగు పని అని ఆమె గుర్తుచేస్తే, "పునరారోహణ చేయవలెను," అన్నారు.

రెండోసారి జలజాక్షి గారు గేదె పక్కన నిలబడనన్నారు. గేదె తన చోటు వదలనంది. శశాంక్ నోటితో హారను మోగించాడు, గేదె బెదిరి ఆ పక్కకు ఉరికింది, మళ్లీ మునిగారు. ఈసారి దిగడంలో మర్యాద కాస్త తగ్గింది.

"అలా కాదండీ! ఆ స్కూటర్ని ముందు ఆ చివర పెట్టండి!" అని అరిచారు జలజాక్షి గారు.

"పెడితే గేదె ఎటు పోవాలి?" అన్నారు పేర్రాజు గారు, గేదె పక్షాన.

"గేదె నోరు మూసుకుని మధ్యలో ఉండాలి!"

అరుపులకు పక్క సెక్షన్ల వాళ్లు గుమ్మంలోకి వచ్చారు. రేవులో జనం తక్కువయ్యారని దక్షిణామూర్తి గారే వాళ్లను లోపలికి పిలిచారు. అకౌంట్స్ వాళ్లు బ్యాండుమేళం అయ్యారు. పంటు మునిగింది, మళ్లీ ఎక్కారు, మళ్లీ మునిగింది. దక్షిణామూర్తి గారి చొక్కా బయటికొచ్చింది, తలకు తువ్వాలు చేరింది. "ఏయ్, పెళ్లికూతురా! కుడికి జరగవమ్మా! కుడికి!" అని ఆయన గొంతు హాలంతా మోగిపోతోంది. ఎవరో భోజనాల వేళయిందంటే అందరూ కలిసి వాణ్ణి కసిరారు.

భ్రమరాంబ వేదిక కింద నిలబడి చూస్తోంది. మునుగుతున్నారు. విసుక్కుంటున్నారు. "ఈ ఆట చేసినామెకి గేదె మీద ఇంత పక్షపాతమేంటండీ!" అని ఒకావిడ తిట్టింది కూడా. భ్రమరాంబకు నవ్వు ఆగలేదు. ఇందాకటి కన్నీళ్లు ఎప్పుడు ఆరిపోయాయో ఆమెకే తెలియదు.

ఆఖరికి అందరూ ఎక్కారు. పెళ్లికూతురు ఒక చివర, స్కూటరు ఒక చివర, గేదె మధ్యలో, మేళం గేదె వెనకాల. ఒక్కరూ కదల్లేదు. "అవతలికి చేరిందండీ!" అని భ్రమరాంబ చేతులెత్తేసరికి పేర్రాజు గారు విజిల్ ఊదారు. జలజాక్షి గారు చప్పట్లు కొడుతూ గెంతారు. దక్షిణామూర్తి గారు "గెలిచాం!" అని అరిచారు.

అరిచి, తన మాట తనకే వినిపించి, కొయ్యబారిపోయారు.

"జలజాక్షి గారూ," అన్నారు నెమ్మదిగా, తువ్వాలు తీసేసి. "మనం ఇప్పుడు... ఏమి చేశాము?"

"ప్రదర్శించాం సార్."

"గెలిచామంటిని. గెలుపు ఉన్నదంటే అది క్రీడ కాదా? కార్యాలయ వేళల్లో, సిబ్బంది యావన్మందితోనూ..." ఆయన నుదుటి మీద చెమట కనిపించింది. సిబ్బంది ఒక్కొక్కరే గోడ వారగా జారుకున్నారు.

జలజాక్షి గారు పమిట సర్దుకుని, మళ్లీ సూపరింటెండెంటు అయ్యారు. "ఇది ఆట అయితే మనం ఆడినట్టు సార్. ఇది ఆట కాకపోతే మనం ఆడనట్టే కదా?"

ముగ్గురూ లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. వాళ్లు వచ్చేసరికి పోటీదారులు వేదిక మెట్ల మీద కూర్చుని, పేర్రాజు గారు పంపించిన బజ్జీలు తింటున్నారు. దక్షిణామూర్తి గారు చొక్కా లోపలికి దోపుకుని, గొంతు సవరించుకుని తీర్పు చదివారు.

"శ్రీమతి భ్రమరాంబ గారు సమర్పించిన 'పంటు' అనునది కూలంకషముగా పరిశీలించిన మీదట క్రీడ కాదని నిర్ధారణమైనది. అది ఒక సంతులన రవాణా అభ్యాసము. క్రీడ కానందున క్రీడల పోటీకి అనర్హము. ప్రథమ బహుమతి శ్రీ శశాంక్ క్రీడాకృతికి ఇవ్వడమైనది. ఉద్యోగుల విధి నిర్వహణకు ఏ విధమైన ఆటంకమూ కలిగించని ఏకైక క్రీడ అదియే."

శశాంక్ నోట్లో బజ్జీ అలాగే ఉండిపోయింది. "అది తెరుచుకోదు కదండీ," అన్నాడు.

"అదియే దాని విశిష్టత," అన్నారు దక్షిణామూర్తి గారు.

భ్రమరాంబ గుండెల్లో మంట లేచింది. ఓడిపోతే ఊరుకునేది. ఇంతసేపు చెమటలు కక్కుతూ ఆడి, ఆట కాదంటారా? నెట్ సెంటర్లో కూర్చుని ఆమె నేర్చుకున్నది ఒకటే. ఆఫీసులో నోటితో అన్న మాటను మర్నాడు అన్నవాళ్లే ఒప్పుకోరు.

"అయితే ఇది ఆట కాదని రాసివ్వండి నాకు," అంది. "సంతకం పెట్టి, సీలు వేసి మరీ ఇవ్వండి. రేపు ఇంకెవరైనా ఆటంటే చూపిస్తాను."

పౌరుషానికి అడిగింది. కానీ ఆ కోరిక దక్షిణామూర్తి గారికి అమృతంలా వినిపించింది. తాను ఆడలేదనడానికి ఇంతకన్న సాక్ష్యం ఏముంటుంది? అక్కడికక్కడే టైపు చేయించి, ఒకటికి రెండు సీళ్లు వేయించి, ఆశీర్వదించినట్టు ఆమె చేతిలో పెట్టారు.

భ్రమరాంబ ఆ కాగితం మడిచి సంచిలో పడేసి, గేటు దాకా వచ్చింది. వెనక నుంచి జలజాక్షి గారు ఆయాసపడుతూ వచ్చి పిలిచారు.

"అమ్మాయ్, ఆగు! అది ఆట కాదని సీలు కూడా వేశాం కదా?"

"వేశారు కదండీ, మీ ముందే."

"మరి ఆట కానిది ఆఫీసు కంప్యూటర్లో ఉండకూడదని ఉత్తర్వేం లేదు." ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "నా దాంట్లో పెట్టి వెళ్లమ్మా. ఇందాక ఆ మేళంవాళ్లని ముందు ఎక్కించి ఉంటే రెండోసారికే దాటేసేవాళ్లం అని నా అనుమానం."

వెనక్కి వెళ్లి ఎక్కించింది భ్రమరాంబ. జలజాక్షి గారు కళ్లద్దాలు తుడుచుకుని కూర్చున్నారు. మేళాన్ని ముందు ఎక్కించారు. పంటు బుడుంగున మునిగింది. "ఛీ, ఎవరు చేశారో గానీ దీన్ని!" అని, పక్కనే నిలబడ్డ మనిషిని పూర్తిగా మరిచిపోయి, మళ్లీ రేవు దగ్గర మొదలుపెట్టారు. భ్రమరాంబ కుర్చీ వెనక చప్పుడు చేయకుండా నిలబడి, ఆఖరి బస్సు పోతుందేమోనన్న భయం కూడా లేకుండా చూస్తూ ఉండిపోయింది.

ఆ తర్వాత ఆమె చేయగలిగింది ఏమీ లేకపోయింది. జలజాక్షి గారి దగ్గర చూసి అకౌంట్స్ వాళ్లు పెట్టించుకున్నారు. వాళ్ల దగ్గర చూసి పక్క ఆఫీసు వాళ్లు వచ్చారు. ఎవరైనా తనిఖీకి వస్తే సీలు వేసిన కాగితం నకలు చూపిస్తున్నారు. జిల్లాలో ఆఫీసు వేళల్లో ఆడుకోవడానికి చట్టబద్ధమైన ఆట ఒక్కటే మిగిలింది, ఎందుకంటే అది ఒక్కటే ఆట కాదు. భ్రమరాంబ కొట్టుకు సిబ్బంది వరసగా వచ్చి, "మేడం, మాకూ ఆ అభ్యాసం కాస్త ఎక్కించి పెడతారా?" అని అడిగి వెళ్తున్నారు.

సంతులన రవాణా అభ్యాసము అన్న మాట పైవాళ్ల చెవిన పడింది. అంత బరువైన పేరున్నది ఉద్యోగులకు మేలు చేయక మానదని వాళ్లనుకున్నారు. పంటు అన్ని ఆఫీసులకూ శిక్షణ కింద తప్పనిసరి అయింది. నెలవారీ సమీక్షలు పెట్టారు. ఎవరెవరు ఎంతమందిని దాటించారో, గేదెల విషయంలో ప్రగతి ఎలా ఉందో పట్టికలు వచ్చాయి. పదేపదే ముంచినవాళ్లకు మెమోలు వెళ్లాయి. దక్షిణామూర్తి గారు సర్వీసు మొత్తం మీద మొదటి మెమో అప్పుడే అందుకున్నారు. పెళ్లికూతుర్ని నిర్లక్ష్యంగా నీళ్లలో పడేసినందుకు సంజాయిషీ అడిగారట. ఆయన దిగులుపడతారనుకుంటే, భ్రమరాంబకు ఫోను చేసి, "అమ్మా, ఆ పెళ్లికూతుర్ని ఎటువైపు నిలబెట్టవలెను? రహస్యంగా చెప్పు," అని అడిగారు. ఆమె చెప్పలేదు. చెప్తే సరదా పోతుందంది. ఆయన అవునవునని ఒప్పుకుని, ఫోను పెట్టేశారు.

ఇలా ఉండగా ఒకరోజు కొట్టు లైసెన్సు కోసం భ్రమరాంబ ఊళ్లో ఆఫీసుకు వెళ్లింది. కౌంటరు ముందు జనం బారులు తీరి ఉన్నారు. వరస ఎంతకీ కదలడం లేదు. కిటికీ అవతల గుమాస్తా తలవంచుకుని ఏదో దీక్షగా పనిచేస్తున్నాడు. ఆయన చుట్టూ మరో ముగ్గురు వంగి చూస్తున్నారు. వాళ్ల మొహాల్లో ఉన్న శ్రద్ధ చూస్తే ఎవరికైనా ఆ శాఖ మీద గౌరవం కలుగుతుంది.

"పొద్దున్నుంచీ ఇంతేనమ్మా. తల ఎత్తితే ఒట్టు," అన్నాడు ముందున్న పెద్దాయన. ఇంటి పన్ను రసీదుకు వచ్చాడట. "అదేదో పడవంట. ఆ పడవని కనిపెట్టినోడు నాకు కనపడితేనా..." అని చేతికర్ర నేలకేసి కొట్టాడు.

భ్రమరాంబ చీర కొంగు సర్దుకుని గోడ మీద కేలెండరు వైపు చూడబోయింది. తిట్టు తనకే తగిలినా, పెద్దాయన మోకాళ్లు నొప్పెడుతున్నాయని జాలేసినా, కిటికీలోంచి కనిపిస్తున్న ఆ నాలుగు తలల మీంచి చూపు మళ్లించుకోలేకపోయింది. ఒకడు ఊపిరి బిగబట్టాడు. ఇంకొకడు "వద్దు, వద్దు, ఆపు!" అన్నాడు. అంతలోనే నలుగురూ ఒక్కసారి నిట్టూర్చారు.

గుమాస్తా తల పైకెత్తి, వరసలో ఉన్నవాళ్లను అప్పుడే మొదటిసారి చూసినట్టు చూశాడు. అతని మొహంలో నిజమైన అలసట ఉంది. కిటికీ తలుపు మీద చెయ్యి వేసి, మర్యాదగానే చెప్పాడు.

"రేపు రండమ్మా. ఇవాళ గోదారి పోటు మీదుంది."